రెండు లైన్ల మధ్య తట్ట

కిందికి దిగాలంటే ముందు పైకెక్కాలని ఎవరైనా అంటే ఊళ్ళో ఏమంటారు? మనిషికి కాస్త తిక్క ఉందంటారు. అదే మాటని పెద్ద కాగితం మీద రంగు గీతలతో గీసి, కింద ముద్ర కొట్టి పంపిస్తే మాత్రం డిజైన్ అంటారు. తేడా కాగితం సైజులోనే ఉంది.

అలాంటి కాగితం ఒకటి రెండువేల ఎనిమిది ఫిబ్రవరి ఆఖర్లో నిస్సీ బల్ల మీదికి వచ్చింది. ఏలూరు పవర్‌పేటలో, కూలర్లు బాగుచేసే షాపు పైన, మూడు గదుల డ్రాఫ్టింగ్ ఆఫీసు వాళ్ళది. ఎక్కడో పెద్ద కంపెనీలు లెక్కలు కట్టి పంపితే, వీళ్ళు ఎనిమిది మంది కంప్యూటర్ల ముందు కూర్చుని డ్రాయింగులు తయారు చేసి తిరిగి పంపేవాళ్ళు. అందులో నిస్సీ చెకర్. అంటే మిగతావాళ్ళు గీసినదాన్ని ఎర్ర పెన్సిలు పట్టుకుని గీత గీతా తడిమి చూసి, అంతా సరిగ్గా ఉంటే కింది మూలన 'తనిఖీ చేసినవారు' అనే గడిలో పొడి అక్షరాలు వేసే మనిషి. అగ్గిపెట్టెలో సగం కూడా ఉండదు ఆ గడి. కానీ అందులో అక్షరాలు పడనిదే డ్రాయింగు గుమ్మం దాటదు.

ఆ కాగితం దేశంలోని ఒక మహానగరానిది. పేరు మనకెందుకు లెండి. భూమిలో పదహారు మీటర్ల లోతున ఒక రైలు లైను. దాని కింద, ఇరవై నాలుగు మీటర్ల లోతున, అడ్డంగా ఇంకో లైను. రెండింటి ప్లాట్‌ఫారాలూ సరిగ్గా ఒకదాని మీద ఒకటి ప్లస్ గుర్తులాగా దాటుకుంటాయి. పై రైలు దిగినవాడు కింది రైలు ఎక్కాలంటే ఏం చెయ్యాలి? అక్కడే ఒక మెట్ల దారి ఉంటే యాభై మెట్లు దిగాలి, అంతే కదా అనుకుంటాం మీరూ నేనూ. డిజైన్ అలా అనుకోలేదు. దిగినవాడు ముందు యాభై మెట్లు పైకెక్కాలి. టికెట్ గేటు దాటి బయటికి రావాలి. రెండువందల పది మీటర్ల దారి నడవాలి. మధ్యలో సామాను దించి యంత్రంలో పెట్టి తనిఖీ చేయించుకోవాలి. ఇంకో గేటు దాటాలి. అప్పుడు వంద మెట్లు దిగాలి. కదిలే మెట్లు ఉన్నాయి, కానీ చుక్కల గీతలతో ఉన్నాయి. చుక్కల గీతలంటే 'ముందు ముందు చూద్దాం' అని అర్థం. లిఫ్టు వీధి గుమ్మం దగ్గర ఒకటే. పై లైను ఒక కంపెనీది, కింది లైను ఇంకో కంపెనీది. నడిచే దారికి రెండు వైపులా షాపులు. జనం నేరుగా దిగిపోతే ఆ షాపుల మొహం చూసేదెవరు?

నిస్సీ ఆ డ్రాయింగుని రెండు రోజులు చూసింది. కొలతల్లో ఒక్క తప్పు లేదు. శాలిని గీసిన డ్రాయింగు, ముత్యాల్లాంటి పని. మూడో రోజు పొద్దున్నే దాన్ని చుట్టచుట్టి పట్టాభిరామయ్య గారి గదిలోకి వెళ్ళింది.

పట్టాభిరామయ్య గారు ఆ ఆఫీసు యజమాని. అరవై ఏడేళ్ళ మనిషి. రైల్వే డ్రాయింగ్ ఆఫీసులో ముప్పై మూడేళ్ళు చేసి రిటైరయ్యారు. పాలిటెక్నిక్‌లో సాయంత్రం క్లాసులు చెప్పేటప్పుడు నిస్సీకి పెన్సిలు పట్టుకోవడం నేర్పింది ఆయనే. అందుకని ఆయన ఎప్పటికీ మాస్టారే.

"మాస్టారండీ, నేనిందులో అక్షరాలు వెయ్యలేనండి."

"ఏం? కొలతలు తేడాగా ఉన్నాయా?"

"కొలతలన్నీ సరిగ్గానే ఉన్నాయండి. దారే తప్పు. అడుగున ఉన్న రైలు ఎక్కడానికి మనిషిని మూడంతస్తులు తిప్పుతున్నారు. మధ్యలో ఇక్కడ మెట్లూ, ఒక లిఫ్టూ పెడితే సరిపోతాదండి. రెండు స్తంభాలు జరపాలి, అంతే."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఇబ్బందిగా ఉన్నప్పుడల్లా ఆయన చేసే పని అది. "అమ్మాయ్, మనం గీసేవాళ్ళం. ఆలోచించేవాళ్ళు వేరే ఉన్నారు. కొలత సరిపోయిందా, గీత సరిపోయిందా, అంతవరకే మన పని."

"గడిలో అలా రాసి లేదుగా అండీ. 'తనిఖీ చేసినవారు' అని రాసి ఉంది. చేశాను. బాగాలేదు."

ఆయన నవ్వబోయి మానుకున్నారు. "గురువారం హేమంత్‌కుమార్ గారు వస్తున్నారు హైదరాబాద్ నుంచి. శనివారం డ్రాయింగు పట్టుకెళ్ళాలి ఆయన. ఆ తర్వాత ఇంక మార్పుల్లేవు, కాంక్రీటే. అక్షరాలు పడలేదంటే పని ఇంకో ఆఫీసుకి పోతుంది. ఇక్కడ ఎనిమిది కుటుంబాలున్నాయి. కాస్త ఆలోచించుకో తల్లీ."

నిస్సీ ఆలోచించుకోలేదని కాదు. ఆ వారం అన్నం కూడా సరిగ్గా సహించలేదు. శాలిని మధ్యాహ్నం టిఫిన్ బాక్సు విప్పుతూ, "నీ పొడి అక్షరాలే కదక్కా, పడెయ్. మనమేమన్నా ఆ ఊరెళ్ళి ఆ రైలెక్కుతామా?" అంది. శాలినికి ఏడాదిన్నర పాప. ఆ మాటలో తప్పేమీ లేదు. అందుకే నిస్సీకి మరీ కష్టంగా అనిపించింది.

కానీ ఆ కాగితం చూసినప్పుడల్లా ఆమెకి తల్లి కనిపించేది. దానమ్మ కొల్లేటి ఒడ్డు మనిషి. తెల్లవారగానే కైకలూరు వైపు నుంచి చేపల తట్టతో బస్సెక్కి ఏలూరులో దిగుతుంది. అక్కణ్ణుంచి స్టేషనుకొచ్చి పాసింజరు పట్టుకుని తాడేపల్లిగూడెం వెళ్ళి వీధులు తిరిగి అమ్ముతుంది. ఇరవై ఏళ్ళుగా అదే పని. ఒక బండి దిగి ఇంకో బండి ఎక్కడం గురించి హైదరాబాద్ ఆఫీసు మొత్తానికి తెలిసినదానికంటే దానమ్మ మోకాళ్ళకి ఎక్కువ తెలుసు. నిండు తట్టని ఎవరూ ఒంటరిగా నెత్తికెత్తుకోలేరు. రెండో మనిషి చెయ్యి కావాలి. అందుకని తట్టల ఆడవాళ్ళలో ఒక పద్ధతి ఉంది. తట్ట దించి దాని పక్కన నిలబడితే చాలు, ఎవర్నీ అడగక్కర్లేదు. దగ్గర్లో ఉన్న మనిషి ఎవరైనా సరే, ఏ కులమైనా, నిన్న పొద్దున్నే జుట్టూ జుట్టూ పట్టుకున్న శత్రువైనా, వంగి ఒక చెయ్యి వెయ్యాల్సిందే. వెయ్యనివాళ్ళని మనుషుల్లో జమకట్టరు.

ఆ చెయ్యి డ్రాయింగులో ఎక్కడుందా అని వెతికింది నిస్సీ. ఎక్కడా లేదు.

గురువారం హేమంత్‌కుమార్ దిగాడు. ముప్పై ఆరేళ్ళుంటాయి. ఇస్త్రీ నలగని చొక్కా, మెత్తని మాట. డిజైన్ మేనేజరు. చెడ్డవాడని చెప్పడానికి నాకేమీ దొరకలేదు, దొరికితే కథ ఇంకా తేలికయ్యేది. నిస్సీ చెప్పిందంతా ఆయన ఓపిగ్గానే విన్నాడు. విని లాప్‌టాప్ తిప్పి చూపించాడు.

"చూడండి మేడమ్. సగటు మనిషి నిమిషానికి ఎనభై మీటర్లు నడుస్తాడు. మెట్లకి వేరే లెక్క ఉంది. అన్నీ కలిపితే నాలుగు నిమిషాల పది సెకన్లు. ప్రపంచంలో చాలా స్టేషన్లలో దీనికంటే ఎక్కువే పడుతుంది."

"ఎవరండీ ఆ సగటు మనిషి?"

"అంటే?"

"ఆడమనిషా, మగమనిషా? చంకలో పిల్ల ఉందా? మోకాళ్ళు బాగున్నాయా? చేతిలో ఏముంది?"

హేమంత్‌కుమార్ నవ్వాడు. "సగటంటే సగటేనండీ."

నిస్సీకి ఒళ్ళు మండింది. తొమ్మిదేళ్ళలో పై ఆఫీసు మనిషికి ఆమె ఎదురు చెప్పింది లేదు. ఇప్పుడు చెప్పేసింది. "ఆ సగటు మనిషిని నేనెప్పుడూ చూళ్ళేదండి. మా వైపు లేడు. రేపు అమావాస్య. గూడెం దగ్గర పెంటపాడు రోడ్డులో మా పెద్దమ్మ పనిచేసే రైస్‌మిల్లుకి సెలవు. వడ్లు ఆరబోసే సిమెంటు కళ్ళం ఖాళీగా ఉంటాది. మీ డ్రాయింగు కళ్ళం మీద అసలు కొలతతో గీసి పెడతాను. మీరొచ్చి నడవండి. మీకు తప్పనిపించకపోతే శనివారం అక్షరాలు వేసేస్తాను."

ఈ మాటకి పట్టాభిరామయ్య గారు కళ్ళద్దాలు తీసేశారు. శాలిని కీబోర్డు మీద చేతులు ఆపేసింది. హేమంత్‌కుమార్ ఒక నిమిషం ఆలోచించాడు. ఒక పూట పోయినా అక్షరాలు దొరుకుతాయి కదా అనుకున్నాడో ఏమో, "సరే" అన్నాడు.

శుక్రవారం పొద్దున్న ఆరింటికే నిస్సీ కళ్ళం మీద ఉంది. ఆమె వెంట శాలిని, చంకలో పాపతో, వద్దంటున్నా వచ్చేసింది. పెద్దమ్మ మార్తమ్మ ఆ మిల్లులో వడ్లు తిరగేసే ఆడవాళ్ళకి పెద్ద దిక్కు. మిల్లు యజమాని చలపతిరావు గారినడిగి అనుమతి తెచ్చింది ఆమే.

నిస్సీ సంచీలోంచి సున్నం తీయగానే మార్తమ్మ గయ్యిమంది. "సున్నం పోస్తావేంటే కళ్ళం మీద? రేపు వడ్లలో కలిస్తే నన్ను పన్లోంచి తీసేస్తారు. ఊక పొయ్యి. కావలసినంత ఊక."

"గాలికి ఎగిరిపోతాది కదా పెద్దమ్మా."

"తడిపి పొయ్యవే. డిప్లొమా చదివావు, ఊక తడపడం రాదా నీకు?"

అలా ఊకతో వేశారు గీతలు. ఏడుగురు ఆడవాళ్ళు, రెండు బొక్కెన్ల నీళ్ళు, నిస్సీ చేతిలో టేపు. కళ్ళం డెబ్భై మీటర్లే, అందుకని రెండువందల పది మీటర్ల దారిని మూడు మడతలు పెట్టింది. గేట్ల దగ్గర రెండేసి గోనెసంచులు నిలబెట్టింది. సామాను తనిఖీ యంత్రం ఉండాల్సిన చోట ఒక చెక్కబల్ల. మెట్లకి మిల్లు ఆఫీసు డాబా మెట్లే దిక్కు. ఇరవై అయిదు మెట్లు. రెండుసార్లు ఎక్కి దిగితే యాభై ఎక్కుడు, యాభై దిగుడు. "దిగాల్సిన మిగతా యాభై మెట్లూ మీకు మాఫీ అండి" అంది నిస్సీ, పట్టాభిరామయ్య గారితో కలిసి కార్లోంచి దిగుతున్న హేమంత్‌కుమార్‌తో.

ఆయన కళ్ళం చూసి ఆగిపోయాడు. కంప్యూటర్లో జానెడున్న దారి ఎండలో అంత పొడుగ్గా పరుచుకుని ఉంటుందని ఆయన ఎప్పుడూ అనుకోలేదు కాబోలు. అయినా తేరుకుని, చొక్కా చేతులు మడిచి, చేతి గడియారం చూసుకుని నడిచాడు. నాలుగు నిమిషాల నలభై. చొక్కా వీపుకి అంటుకుంది గానీ మొహం వెలిగిపోయింది.

"చూశారా? మా లెక్కకి అరనిమిషమే తేడా."

"చూశానండి. మీరే ఆ సగటు మనిషన్నమాట" అంది నిస్సీ. ఆడవాళ్ళు నవ్వారు. ఆయన కూడా నవ్వాడు.

తర్వాత శాలిని పాపని ఎత్తుకుని నడిచింది. రెండోసారి డాబా మెట్లెక్కేటప్పటికి పాప ఏడుపు మొదలుపెట్టింది. బల్ల దగ్గర చేతిసంచీ పెట్టాలి, గేటు దగ్గర టికెట్ తీయాలి, పాప జారిపోతోంది. ఏడు నిమిషాలు దాటింది. శాలిని ఒక మూలకెళ్ళి పాపకి నీళ్ళు పట్టించింది.

అప్పుడొచ్చింది దానమ్మ. ఎప్పటిలాగే గూడెంలో పాసింజరు దిగి, చేపల తట్టతో ఆటో ఎక్కి తిన్నగా వచ్చేసింది. "తొరగా కానియ్యండి బాబూ, ఎండెక్కితే చేప ఆగదు" అంది. చుట్టకుదురు నెత్తిన సర్దుకుని తట్ట పక్కన నిలబడింది. మార్తమ్మ వచ్చి ఒక చెయ్యి వేసింది. తట్ట పైకి లేచింది.

"ఇదే ఆఖరి చెయ్యి" అంది నిస్సీ ఆడవాళ్ళ వైపు తిరిగి. "ఇకమీదట ఎవరూ ముట్టుకోకండి. ఆ ఊళ్ళో మీరెవ్వరూ ఉండరు."

హేమంత్‌కుమార్ గడియారం నొక్కాడు. దానమ్మ నడిచింది. నెత్తిన బరువున్న మనిషి కాళ్ళ కింద ఏముందో చూసుకోలేదు. అందుకని పెదాలు కదుపుతూ మెట్లు లెక్కపెట్టుకుంటూ ఎక్కింది, లెక్కపెట్టుకుంటూ దిగింది. మళ్ళీ ఎక్కింది. రెండోసారి దిగేటప్పుడు గోడకి చెయ్యి ఆనించింది. నిస్సీకి ఆపేద్దామా అనిపించింది. కానీ తల్లి మొహం చూసి నోరు మూసుకుంది. ఇక్కడ ఆపితే దానమ్మ ఆమెని ఈ జన్మకి క్షమించదు.

మొదటి గేటు దాటింది. చెక్కబల్ల వచ్చింది.

"ఇక్కడ దించాలండి" అంది నిస్సీ. "యంత్రంలో పెట్టాలి."

దానమ్మ మోకాళ్ళు వంచి, తట్టని బల్ల మీదికి జార్చి, అటువైపు నేల మీదికి దించింది. దించడం ఎలాగోలా ఒక్కతే దించింది. దించి, పక్కన నిలబడింది. అంతే. ఇంక కదల్లేదు.

గడియారం తిరుగుతోంది. అరనిమిషం. నిమిషం. కళ్ళం అంచున ఆడవాళ్ళందరూ బొమ్మల్లాగా నిలబడ్డారు. మార్తమ్మ చేతులు రెండూ చంకల్లో బిగించుకుంది, లేకపోతే అవి వాటంతటవే పోయేలా ఉన్నాయి.

"నడవండమ్మా" అన్నాడు హేమంత్‌కుమార్.

"ఎవరెత్తుతారు బాబూ?" అంది దానమ్మ. కోపంగా కాదు, నిజంగానే అడిగింది.

ఆయన చుట్టూ చూశాడు. అందరికంటే దగ్గర్లో ఉన్నది తనే. పద్ధతి ఆయనకి ఎవరూ చెప్పలేదు. కానీ ఏడుగురు ఆడవాళ్ళూ, వాళ్ళ పక్కన పట్టాభిరామయ్య గారూ తననే చూస్తుంటే మనిషన్నవాడికి చెప్పాలా? గడియారం విప్పి జేబులో వేసుకుని వంగాడు. తట్ట అంచు పట్టుకున్నాడు. మొదటిసారి లేవలేదు. చేపనీళ్ళు ఇస్త్రీ చొక్కా మీద కారాయి. రెండోసారి పళ్ళు బిగించి ఎత్తాడు. దానమ్మ తల కిందికి పోనిచ్చి అందుకుని, నిటారుగా నిలబడి, "సల్లగుండు నాయనా" అని ముందుకు సాగింది.

మొత్తం పదకొండు నిమిషాల ఇరవై సెకన్లు.

హేమంత్‌కుమార్ చేతులు జేబురుమాలుతో తుడుచుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "మేడమ్, ఆ మెట్రోలో చేపల తట్టలు ఎక్కనివ్వరండీ."

"తట్టలు ఎక్కనివ్వకండి. పిల్లల్ని ఎక్కనిస్తారుగా? ఆపరేషనై ఇంటికెళ్ళేవాళ్ళని ఎక్కనిస్తారుగా? ముసలాళ్ళని, కడుపుతో ఉన్నవాళ్ళని, ఊరినుంచి మూటలతో దిగినవాళ్ళని? వాళ్ళందరి నెత్తినా కనపడని తట్ట ఉంటాదండి. మీ దారి వాళ్ళచేత దాన్ని దింపిస్తుంది. ఎత్తడానికి మాత్రం ఎవర్నీ పెట్టలేదు మీరు. యాభై మెట్లు నేరుగా దింపితే పోయేదానికి ఇంత తిప్పుతారా, షాపుల కోసం?" అంది నిస్సీ.

దానమ్మ డాబా నీడలో కూర్చుని మోకాళ్ళు రాసుకుంటోంది. "ఇదేం కొత్త కాదులే బాబూ" అంది. "ఈ లైను మీదే ఒక స్టేషనుంది, ఊరు పేరెందుకు. బండి మధ్యలో ఆగుద్ది. వంతెన తీసుకెళ్ళి చిట్టచివర్న పెట్టారు. అంత దూరం నడిచి ఎక్కాలి, దిగి మళ్ళీ అంత దూరం వెనక్కి రావాలి. ఆ వంతెన గీసినోడెవడోగానీ, ఎక్కినప్పుడల్లా తిట్టుకుంటానే ఉన్నా. ఇరవై ఏళ్ళు. నా మోకాళ్ళలాగే వాడి మోకాళ్ళు కూడా..."

"నేనేనమ్మా" అన్నారు పట్టాభిరామయ్య గారు.

దానమ్మ చెయ్యి మోకాలి మీదే ఆగిపోయింది. నిస్సీ తిరిగి చూసింది. ఆయన కళ్ళద్దాలు చేతిలో ఉన్నాయి, కానీ తుడవడం లేదు.

"డెబ్భై తొమ్మిదిలో. ముందు మధ్యలోనే గీశాను. అక్కడ ఆఫీసర్ల విశ్రాంతి గది కట్టాలి, వంతెన చివరికి జరపమన్నారు. జరిపాను. తప్పని అప్పుడే తెలుసు నాకు. ఆ గడిలో అక్షరాలు నావే." కాసేపాగి, "నీ తిట్లన్నీ చేరవలసిన చోటికే చేరాయిలే తల్లీ. ఇప్పుడు నేను కూడా ఆగి ఆగి తప్ప మెట్లు ఎక్కలేను" అన్నారు.

దానమ్మ ఆయన్ని కిందినుంచి పైదాకా చూసింది. తిట్టడానికి నోరు తెరిచిందనే అనుకుంది నిస్సీ.

"ఇరవై ఏళ్ళండీ బాబుగారూ" అంది దానమ్మ. "సరే, అయిపోయింది. రేపు నా పిల్ల చేత మాత్రం ఆ అచ్చరాలు ఎయ్యించకండి. ఆ ఊళ్ళో ఎవరో నాలాంటిది నా పిల్లని తిట్టుకోకూడదు."

ఆ తర్వాత లేచి తట్ట పక్కన నిలబడింది. ఈసారి చెయ్యి వేసింది పట్టాభిరామయ్య గారు. అరవై ఏడేళ్ళ చెయ్యి, ఏపాటి బలం ఉంటుంది? వెనకనుంచి మార్తమ్మ వచ్చి కలవాల్సి వచ్చింది. తట్ట లేచింది, దానమ్మ గూడెం వీధుల్లోకి వెళ్ళిపోయింది.

శనివారం పదకొండింటికి డ్రాయింగు పట్టాభిరామయ్య గారి బల్ల మీద పరిచి ఉంది. హేమంత్‌కుమార్ రాత్రంతా నిద్రపోనట్టున్నాడు. "హైదరాబాద్‌కి ఫోన్ చేశానండీ" అన్నాడు. "మార్చడానికి వీల్లేదన్నారు. అక్షరాలు వేయించుకుని రమ్మన్నారు. లేకపోతే ఈ పని ఇంకెవరికైనా ఇస్తారు. నా చేతిలో లేదు."

నిస్సీ శాలిని వైపు చూసింది. ఎనిమిది కుటుంబాలు అన్న మాట వారం రోజులుగా ఆమె తలలో తిరుగుతూనే ఉంది. ఒక్క తల్లి కోసం, ఎప్పుడూ చూడని ఊళ్ళో ఎప్పుడూ చూడని మనుషుల కోసం, పక్క బల్ల మీది మనిషి కంచం లాగెయ్యవచ్చా?

జవాబు శాలిని ఇచ్చింది. "నిన్న పాపనెత్తుకుని నడిచింది నేను కదక్కా. ఆ గీతలు గీసిందీ నేనే. నాకే సిగ్గేసింది. అక్షరాలు వెయ్యొద్దు."

నిస్సీ పెన్ను తీసుకుంది. ఎర్ర పెన్సిలు కాదు, ఇంకు పెన్ను, చెరిపితే పోనిది. ఆ చిన్న గడిలో పట్టదని గడి దాటి పక్క ఖాళీలోకి రాసింది. తెలుగులోనే రాసింది. 'తనిఖీ చేశాను. ఒప్పుకోను.' కింద పొడి అక్షరాలు కాదు, పూర్తి పేరు, తండ్రి పేరుతో సహా. జీవరత్నం నిస్సీ.

"అమ్మాయ్, ఆ పెన్నిలా ఇవ్వు" అన్నారు పట్టాభిరామయ్య గారు. ఆమె పేరు కింద తన పేరు రాశారు. ముప్పై ఏళ్ళు ఆలస్యమైంది గానీ అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి.

హేమంత్‌కుమార్ ఆ రెండు పేర్లనీ చూశాడు. కోప్పడతాడనుకున్నారు. కాగితం జాగ్రత్తగా చుట్టి గొట్టంలో పెట్టుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"నిన్నటి తట్ట బరువెంతండీ?"

"ఇరవై ఏడు కిలోలండి."

ఆయన డైరీ తీసి రాసుకున్నాడు.

పని పోయింది. నిజంగానే పోయింది, బెదిరింపు కాదది. మార్చి నెలాఖరుకి హైదరాబాద్ నుంచి కాగితాలు రావడం ఆగిపోయింది. ఇద్దరు వేరే ఆఫీసులు వెతుక్కుని వెళ్ళిపోయారు. మిగిలిన ఆరుగురూ రొయ్యల చెరువుల షెడ్లు, జంగారెడ్డిగూడెంలో పొగాకు గోడౌన్లు, ఒక చర్చి ప్రహరీ గోడ, ఏది దొరికితే అది గీశారు. పట్టాభిరామయ్య గారు టీ ఒక పూట మానేశారు. నిస్సీని ఎవరూ ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఆమెకి బరువుగా ఉండేది. చేసింది తప్పని మాత్రం ఒక్క రోజు కూడా అనిపించలేదు. అనిపించి ఉంటే దాచడమెందుకు, నేనే రాసేవాణ్ణి.

ఆగస్టులో, వర్షం కుండపోతగా పడుతున్న రోజున, ఒక గొట్టం వచ్చింది. హైదరాబాద్ ముద్ర. పట్టాభిరామయ్య గారు దాన్ని విప్పకుండా తెచ్చి నిస్సీ బల్ల మీద పెట్టారు. అందరూ చుట్టూ మూగారు.

అదే స్టేషను. అదే రెండు లైన్లు. రెండు ప్లాట్‌ఫారాలూ దాటుకునే చోట, ఇక్కడ మార్చామని చెప్పే మబ్బు ఆకారం గీత మధ్య, యాభై మెట్లు. నేరుగా కిందికి. దాని పక్కన ఒక లిఫ్టు. మధ్య గేట్లు లేవు. సామాను తనిఖీ బల్ల లేదు. షాపులున్నాయి, కానీ పక్కకి జరిగి ఉన్నాయి, దారిలోకి రాకుండా. మార్పుకి కారణం రాసే వరుసలో హేమంత్‌కుమార్ చేతిరాత. 'ఇరవై ఏడు కిలోల బరువుతో, సాయం లేకుండా, నడిచి చూడబడినది.' కింద 'తనిఖీ చేసినవారు' గడి ఖాళీగా ఉంది.

శాలిని ఒక్క అరుపు అరిచింది. పట్టాభిరామయ్య గారు కళ్ళద్దాలు తీసేశారు, ఈసారి కళ్ళు తుడుచుకోవడానికి. జేబులోంచి తన పెన్ను తీసి మూత విప్పి నిస్సీకి అందించారు.

నిస్సీకి ఏడుపొచ్చింది. ముక్కు ఎగబీల్చి, పెన్ను పక్కన పెట్టి, సొరుగులోంచి ఎర్ర పెన్సిలు తీసింది. కాగితం మీదికి వంగింది. మెట్లు లెక్కపెట్టింది. లిఫ్టు దగ్గర ఆగింది. స్కేలుతో ఒకసారి కొలిచింది, నమ్మకం లేక రెండోసారి కొలిచింది.

"మాస్టారండీ."

"ఏంటమ్మా?"

"లిఫ్టు లోపల బాగానే ఉందండి. తలుపే గోడ వైపు తెరిచారు. చక్రాల కుర్చీ తిరగడానికి చోటు లేదు." ఎర్ర పెన్సిలుతో ఆ తలుపు చుట్టూ గుండ్రంగా గీసింది. "ఒప్పుకోనండి. మళ్ళీ పంపించండి."

"మళ్ళీనా?" అన్నారు పట్టాభిరామయ్య గారు.

"మళ్ళీనండి."

ఆయన పెన్ను మూత పెట్టి జేబులో వేసుకున్నారు. కాగితాన్ని తనే చుట్టారు, తనే గొట్టంలో పెట్టారు, పైన హైదరాబాద్ అడ్రసు తనే రాశారు. గొడుగు కోసం చూస్తుంటే శాలిని తెచ్చి ఇచ్చింది. పోస్టాఫీసు మూసేలోపు పంపించి రావాలని ఆయన గబగబా మెట్లు దిగి వెళ్ళారు.